తొమ్మిదింటి పిలుపు

ఆ కాలేజీలో గంట కొట్టే వాచ్‌మన్‌కి చేతి గడియారం లేదు. ఉండాల్సిన అవసరమూ రాలేదు. కెమిస్ట్రీ మేడమ్ రిజిస్టరు ఎడమ చంకలో పెట్టుకుని, సుద్దముక్కల డబ్బా పట్టుకుని మెట్ల దగ్గర కనిపిస్తే తొమ్మిదికి రెండు నిమిషాలు. వరండా చివరి గది గుమ్మం దాటితే సరిగ్గా తొమ్మిది. ఆవిడ చీర అంచు గుమ్మం లోపలికి వెళ్ళడం చూసి అతను గంట కొట్టేవాడు. గంట మోత ఆగేలోపు తలుపు మూసుకునేది, గడియ పడేది. ఆ గడియ చప్పుడు విన్నవాళ్ళెవరూ ఇక పరిగెత్తేవాళ్ళు కాదు. పరిగెత్తినా లాభం లేదు.

పిల్లలు ఆవిడకి తొమ్మిదింటి మేడమ్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"నా క్లాసుకి పెద్ద నియమాలేం లేవు," అని చెప్పేది ప్రతి ఏడూ మొదటి రోజున. "తొమ్మిదింటికి తలుపు మూస్తాను. మూసిన తలుపు తియ్యను. నూటికి డెబ్బై అయిదు రోజులు రానివాళ్ళని పరీక్షకి పంపను. అంతే."

"ఒంట్లో బాగోకపోతే మేడమ్?" అని ఎవడో ఒకడు అడిగేవాడు.

"బాగయ్యాక రా. రాలేదని రాస్తాను. జ్వరం వచ్చిందని రాయడానికి రిజిస్టర్లో గడి లేదు."

ఆవిడ ఎవరినీ పేరు పెట్టి పిలిచేది కాదు, నంబర్లే. పేరు పెట్టి పిలిస్తే మొహం గుర్తొస్తుందట, మొహం గుర్తొస్తే జాలేస్తుందట. జాలి మొదలైతే ఇక ఆ గడియ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అని స్టాఫ్ రూములో ఎవరితోనో అన్నదని చెప్పుకునేవాళ్ళు.

ఆవిడ పిలిచిన నంబరు, ఆ నంబరు గలవాళ్ళు ఎక్కడుంటే అక్కడ వినిపించేది. క్లాసు ఎగ్గొట్టి సినిమా హాలు ముందు నిలబడ్డవాడికి క్యూలో వినిపించేది. దుప్పటి ముసుగేసుకుని పడుకున్నవాడికి ముసుగులో వినిపించేది. ఒకసారి పద్నాలుగో నంబరు వాడు మంగలి కుర్చీలో మొహం నిండా నురగతో కూర్చుని ఉండగా పిలుపొచ్చింది. వాడు అలవాటుగా "ప్రెజెంట్ మేడమ్" అని అరిచాడు. మంగలి కత్తి పైకెత్తి, "అయిందా బాబూ హాజరు? ఇక కదలకు," అని మళ్ళీ పని మొదలుపెట్టాడు. చెవుల్లో దూది పెట్టుకున్నవాళ్ళకి దూదితో సహా వినిపించేది. కానీ ఎక్కడో ఉండి పలికిన జవాబు మాత్రం మేడమ్‌కి చేరేది కాదు. పిలుపు పోవడమే తప్ప జవాబు రావడం ఉండేది కాదు. రావాలంటే మనిషే రావాలి.

ఆ పద్నాలుగో నంబరు వాడి బ్యాచ్ వాళ్ళకి ఇప్పుడు జుట్టు నెరిసింది. ఎక్కడైనా నలుగురు కలిస్తే, ముందు తొమ్మిదింటి మేడమ్ సంగతి వస్తుంది. ఆ తర్వాత తప్పకుండా ముప్ఫై ఏడు సంగతి వస్తుంది.

ముప్ఫై ఏడు సన్నగా, పొడుగ్గా ఉండే అమ్మాయి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఊరి అవతల పెద్ద లాండ్రీలో పనిచేసేది. బండ్లకొద్దీ వచ్చే ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికే చోటు అది. తల్లి చీకటితోనే బస్సెక్కేది. ఇంట్లో కుళాయికి నీళ్ళు ఏడింటికి వచ్చేవి. బిందెలు నింపి, తలుపుకి తాళం వేసి, ఆ అమ్మాయి ఎనిమిదీ పది బస్సు ఎక్కేది. ఆ బస్సు రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గూడ్సు బండికోసం గేటు పడేది. గూడ్సు బండికి ఏ మేడమూ హాజరు వెయ్యదు కాబట్టి అది తాపీగా, పెట్టె తర్వాత పెట్టె లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా పోయేది. ఆ అమ్మాయి పుస్తకాలు గుండెకి హత్తుకుని మెట్లెక్కేసరికి తొమ్మిదీ నాలుగు.

"నిన్న గేటు పడింది మేడమ్," అంది, టైముకి లోపలికి రాగలిగిన ఒక రోజున.

"మొన్న కూడా పడిందా?"

"రోజూ పడుతుంది మేడమ్."

"రోజూ పడేదాన్ని ఆటంకం అనరు, టైమ్ టేబుల్ అంటారు. దానికి తగ్గట్టు బయల్దేరాలి."

క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. బయల్దేరడానికి అంతకుముందు బస్సు లేదని, ఉన్న ఒక్కటీ కుళాయి రాకముందే వెళ్ళిపోతుందని చెప్పలేదు. చెబితే ఇంటి గుట్టు నలుగురి ముందూ పరిచినట్టు అవుతుందనిపించింది.

వారంలో రెండు రోజులు గూడ్సు బండే ఆలస్యమయ్యేది, గేటు పడకముందే బస్సు దాటేది. ఆ రెండు రోజులూ ఆమె లోపల ఉండేది. మిగతా రోజులు తలుపు బయట వరండా గోడకి నోటుపుస్తకం ఆనించి, నిలబడే పాఠం రాసుకునేది. హాజరు పిలిచినప్పుడు బయటినుంచే "ప్రెజెంట్ మేడమ్" అనేది. లోపల మేడమ్ ఆ మాట విని, గడిలో రాలేదని రాసేది. గుమ్మం అవతల ఉన్నవాళ్ళు రానట్టే లెక్క.

"అంత దగ్గరగా ఉండి కూడా ఆబ్సెంటేంటే, నీ ఖర్మ," అని వాపోయేది ముప్ఫై ఆరు. ఆమె పక్క నంబరు, పక్క బెంచీ, ప్రాణ స్నేహితురాలు.

చలికాలం మొదలయ్యాక ఒకరోజు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరు కింద తల్లి కుడిచెయ్యి పడింది. అరచెయ్యి కాలిపోయింది. ఆసుపత్రి వాళ్ళు కట్టు కట్టి, మూడు నెలలు తడి తగలకూడదన్నారు. లాండ్రీ మేస్త్రీ మరీ చెడ్డవాడేం కాదు. ఇంటికొచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఉన్నమాట చెప్పాడు.

"నీ చోటు నీకే ఉంచుతానక్కా. కానీ ఖాళీగా ఉంచలేను. మీ ఇంటినుంచి ఎవరో ఒకరు వచ్చి నిలబడితే ఉంటుంది."

ఇంట్లో ఇంకెవరున్నారు?

"వద్దే," అంది తల్లి. "ఎవరింట్లోనైనా గిన్నెలు తోముకునైనా..."

"ఏ చేత్తో తోముతావమ్మా?" అంది కూతురు. మర్నాడు పొద్దున్నే తల్లి నీలం కోటు తొడుక్కుని చీకటి బస్సెక్కింది. ఆ తర్వాత నుంచి బిందెలు పక్కింటావిడ నింపేది.

లాండ్రీలో ఒకరి మాట ఒకరికి వినిపించదు. పీపాల్లాంటి యంత్రాలు తిరుగుతూనే ఉంటాయి, ఆవిరి బుసకొడుతూనే ఉంటుంది. అక్కడి ఆడవాళ్ళు చేతి సైగలతోనే పోట్లాడుకుంటారు, సైగలతోనే నవ్వించుకుంటారు. అంత హోరులోనూ మొదటిరోజు తొమ్మిదింటికి ఆ అమ్మాయికి చెవి పక్కనే వినిపించింది.

"ముప్ఫై ఏడు."

చేతిలో తడి దుప్పటి ఉంది. నోరు దానంతట అదే కదిలింది. "ప్రెజెంట్ మేడమ్." ఎదురుగా దుప్పటి రెండో కొస పట్టుకున్న పెద్దావిడ ఆ పెదవుల కదలిక చూసి, ఒక్క క్షణం లాగడం ఆపింది. పిలుపు అయ్యిందా అన్నట్టు తలాడించింది. అయ్యింది. ఇద్దరూ దుప్పటి మడతపెట్టారు.

వారం గడిచేసరికి మేస్త్రీకి కూడా అలవాటైపోయింది. తొమ్మిదింటికి ఆమె దగ్గరికి బండి తోసుకొచ్చినా, ఒక్క నిమిషం ఆగి, "అయిందా కాలేజీ? అయితే ఇది లాగు," అనేవాడు.

కానీ ఆ అమ్మాయికి మాత్రం అలవాటు కాలేదు. మొదట్లో ఆ పిలుపు కోసమే పొద్దున్నుంచీ ఎదురుచూసేది. తర్వాత కోపం వచ్చింది. ఈవిడ రోజూ ఎందుకు పిలవాలి? రానని తెలుసు కదా. తలుపు బయట నిలబడ్డప్పుడు కనబడని మనిషిని ఇప్పుడు ఇంత దూరం వెతుక్కుంటూ రావడమెందుకు? ఒకరోజు పిలుపుకి జవాబివ్వకుండా పళ్ళు బిగపట్టి నిలబడింది. ఆ రోజంతా ఆమె పెట్టిన మడతలు వంకరపోతూనే ఉన్నాయి.

కాలేజీలో మేడమ్ మూడో రోజున రిజిస్టరు నుంచి తలెత్తకుండానే అడిగింది. "ముప్ఫై ఏడు బయట కూడా లేదేం?"

ముప్ఫై ఆరు లేచి నిలబడి జరిగింది చెప్పింది. మాటల్లో మాటగా కుళాయి సంగతి, బస్సు సంగతి కూడా బయటపడ్డాయి. మేడమ్ విని, "కూర్చో," అంది. గడిలో రాలేదని రాసింది. ఆ రోజు బోర్డు మీద ఒక సమీకరణం తప్పు రాసింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆవిడ బోర్డు మీద తప్పు రాయడం అదే మొదలని తర్వాత అందరూ అనుకున్నారు.

వరసగా పదిహేను రోజులు రానివాళ్ళ నంబరు కొట్టెయ్యడం ఆఫీసు పని. పదహారో రోజున హెడ్ క్లర్కు ఎర్ర సిరాతో ముప్ఫై ఏడు మీద గీత గీశాడు. స్కేలు పెట్టి మరీ గీశాడు. ముప్ఫై ఆరు వెంటనే కబురు పంపింది. "రేపట్నుంచి నీకు ప్రశాంతమేనే," అని చీటీలో రాసింది, దాని కింద ఏడ్చినట్టు సిరా మరకా ఉంది.

మర్నాడు లాండ్రీలో ఆ అమ్మాయి తొమ్మిదింటికి ఉన్నచోటే నిలబడిపోయింది. పిలుపు రాదు. రాకపోతే మంచిదే. ఇక ఈ చెవి నాది, ఈ చెయ్యి లాండ్రీది అనుకుంది.

"ముప్ఫై ఏడు," అంది మేడమ్.

దుప్పటి జారి తడినేల మీద పడింది. పెద్దావిడ కళ్ళెర్రజేసి, ఆమె మొహం చూసి, తనే వంగి తీసింది.

హెడ్ క్లర్కు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాడు. ప్రిన్సిపాల్ మేడమ్‌ని పిలిపించాడు. ఆయనకి ఆవిడంటే కాస్త భయం.

"కొట్టేసిన నంబరు పిలుస్తున్నారటండీ?"

"కొట్టేసింది ఆఫీసు కదండీ. నేను కాదు."

"అయినా, ఆ అమ్మాయి రాదు కదా?"

"వచ్చిందని నేను రాయడం లేదు. పిలుస్తున్నానంతే. పిలవకూడదని రూలుంటే చూపించండి."

అలాంటి రూలు లేదు. ప్రిన్సిపాల్ వెతికించాడు కూడా.

ఆ తర్వాత సోమవారం హాజరు పిలుస్తూ మేడమ్ ముప్ఫై ఏడు దగ్గర ఆగింది. ముప్ఫై ఎనిమిదో నంబరు కుర్రాడు 'ప్రెజెంట్' అనడానికి నోరు తెరిచి ఉంచాడు. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"ముప్ఫై ఏడూ, మీ అమ్మగారి చెయ్యి ఎలా ఉంది?"

లాండ్రీలో ఆ అమ్మాయి తువ్వాళ్ళ గుట్ట ముందు నిలబడి, "బొబ్బలు ఆరాయి మేడమ్. వేళ్ళు ఇంకా ముడుచుకోవడం లేదు," అంది. ఆ మాట యంత్రాల హోరులో కలిసిపోయింది.

"సరే," అంది మేడమ్, జవాబు విన్నట్టే. "ఇవాళ నీళ్ళ కాఠిన్యం గురించి చెబుతున్నాను. చేతులు ఖాళీ లేకపోతే చెవులతో విను. ముప్ఫై ఎనిమిది, ఆ నోరు ముయ్యి, ప్రెజెంట్ వేశాను."

అలా ఆ రోజునుంచి పాఠం మొత్తం లాండ్రీకి వచ్చింది. ప్రతి నాలుగు వాక్యాలకీ మేడమ్ ఒకసారి "ముప్ఫై ఏడూ, విన్నావా," అనేది, పిలుపు తెగిపోకుండా. ఆ అమ్మాయి మడతలు పెడుతూ వినేది. బట్టల మీద గుర్తులు వేసే పెన్సిలుతో చిత్తు చీటీల వెనక సూత్రాలు రాసుకునేది. కొన్నిటికి రాసుకునే పని కూడా లేదు, కళ్ళముందే ఉన్నాయి. బ్లీచింగ్ తొట్టి ఉంది, సోడా బస్తాలు ఉన్నాయి, నురగ రాని నీళ్ళు ఉన్నాయి.

సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం కలిపి తల్లికి ముద్దలు పెడుతూ పాఠం అప్పజెప్పేది.

"అంటే వేసవిలో సబ్బు పాడు కాదన్నమాట. నీళ్ళే మారతాయా?" అంది తల్లి ఒకరోజు ముద్ద నమలడం ఆపి. "ఇరవై ఏళ్ళుగా ఆ సబ్బుని తిట్టాను కదే, పాపం."

ఏడాది చివరికి వచ్చేసరికి ఆ అమ్మాయికి పాఠాలన్నీ వచ్చు. హాజరు మాత్రం నూటికి ఇరవై ఒకటి. ఒక మధ్యాహ్నం పని దిగి, నీలం కోటుతోనే కాలేజీకి వెళ్ళింది. మేడమ్ లాబ్‌లో ఒక్కతే బ్యూరెట్లు కడుగుతోంది.

"రోజూ విన్నాను మేడమ్. ఒక్కరోజు తప్పలేదు. నాకు హాజరు వెయ్యండి."

"వెయ్యను."

"మీకు తెలుసు కదా మేడమ్, విన్నానని!"

"తెలుసు. విన్నావని రాయడానికి గడి లేదు. రానిది వచ్చినట్టు రాస్తే, వచ్చిన యాభై ఏడుగురినీ రానట్టు చేసినట్టే." ఆవిడ చేతులు తుడుచుకుని, సొరుగులోంచి ఒక దరఖాస్తు ఫారం తీసింది. అప్పటికే సగం నింపి ఉంది. "ప్రైవేటుగా రాసేవాళ్ళకి క్లాసు హాజరు అక్కర్లేదు. లాబ్‌లో నలభై గంటలు పనిచేసినట్టు లెక్చరరు సంతకం ఉంటే చాలు. నీకు పని రెండింటికి అవుతుంది కదా. రేపట్నుంచి రెండున్నరకి రా. రెండు గంటల చొప్పున ఇరవై రోజులు. రెండున్నరకి తలుపు మూస్తాను."

మొదటిరోజే, తర్వాతి వంతు మనిషి రావడం ఆలస్యమై, ఆమె రెండూ ముప్ఫై నాలుగుకి చేరింది. తలుపు మూసి ఉంది. ఆమె నమ్మలేకపోయింది. అరచేత్తో తలుపు బాదింది.

"మేడమ్! లోపల మీరొక్కరే కదా! ఇద్దరి కోసం కూడానా?"

"ఇద్దరికైనా టైము ఒకటే," అంది లోపలినుంచి గొంతు. "రేపు రా."

ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. వాచ్‌మన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏడవకమ్మా. మేడమ్ వాళ్ళాయన పెళ్ళినాడు టైముకి వచ్చుంటాడు, లేకపోతే ఆవిడకి పెళ్ళే అయ్యుండేది కాదు," అన్నాడు. ఆమె ముక్కు తుడుచుకుని నవ్వాల్సి వచ్చింది.

మర్నాడు లాండ్రీలో ఆడవాళ్ళు సైగల్లోనే సభ పెట్టారు. ఆఖరి బండి తామే లాగుతామని తేల్చారు. మేస్త్రీ అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు, చూడనట్టు. ఆమె రెండూ ఇరవైకల్లా లాబ్ ముందు ఉంది. ఇక ఇరవై రోజుల్లో ఒక్కనాడూ గడియ చప్పుడు బయటినుంచి వినలేదు.

పదో రోజో, పదకొండో రోజో, బ్యూరెట్ లోంచి చుక్కలు పడుతుండగా మేడమ్ ఆమె చేతులు చూసింది. సోడాకి చర్మం పగిలి ఉంది. ఏమీ అనకుండా మందు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. తర్వాత కిటికీవైపు చూస్తూ అంది.

"నువ్వు వరండాలో నిలబడి రాసుకునేదానివని నాకు తెలుసు. అందుకే తలుపువైపు తిరిగి చెప్పేదాన్ని, కాస్త గట్టిగా." మందు డబ్బా ఆమెవైపు జరిపింది. "ఎందుకు ఆలస్యమవుతోందని మాత్రం అడగలేదు. అడగాల్సింది."

ఆ అమ్మాయి బ్యూరెట్ వైపే చూస్తూ, "రంగు మారింది మేడమ్," అంది. మారింది కూడా.

ప్రైవేటు పరీక్షలు జరిగేసరికి మిగతావాళ్ళు రెండో ఏడాదిలోకి వచ్చేశారు. నంబర్లు అవే, మేడమ్ ఆవిడే. ఎర్రగీత కింది ముప్ఫై ఏడుని ఆవిడ రోజూ పిలుస్తూనే ఉంది. పరీక్షలు మూడు పొద్దుటిపూటలు, ఊరికి ఆ చివర ఇంకో కాలేజీలో. ఆ మూడు రోజులూ లాండ్రీలో ఎవరు నిలబడాలన్న ప్రశ్న వచ్చింది.

"నా చోటు నాదే కదా," అంది తల్లి. రెండు వేళ్ళు ఇంకా సరిగ్గా ముడుచుకోవు. అయినా కోటు దులిపి తొడుక్కుంది. కూతురు కాదన్నా వినలేదు. "నువ్వు నా చోట ఇన్ని నెలలు నిలబడ్డావు. నేను నీ చోట మూడు రోజులు నిలబడలేనా?"

మొదటి రోజు ఆ అమ్మాయి ఎనిమిదిన్నరకే హాల్లో ఉంది. తొమ్మిదవుతుండగా ప్రశ్నపత్రాలు పంచారు. ఆమె కాగితం బోర్లా పెట్టి, పిలుపు కోసం ఆగింది. పిలుపు అయ్యాకే మొదలుపెట్టాలనుకుంది. తొమ్మిది కొట్టింది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. చుట్టూ కలాలు కదులుతున్నాయి. చెవిలో ఏ మాటా లేదు.

మేడమ్‌కి ఒంట్లో బాగోలేదేమో అనుకుంది. చివరికి ఆవిడ కూడా తన నంబరు కొట్టేసిందేమో అనుకుంది. పర్యవేక్షకుడు వచ్చి, "ఏమ్మా, రాయవా?" అన్నాడు. ఆమె కాగితం తిప్పింది. మొదటి ప్రశ్న నీళ్ళ కాఠిన్యం మీదే. రాయడం మొదలుపెట్టింది. రాస్తున్నంతసేపూ లోపల ఒక బెంగ ఉంది కానీ, చెయ్యి మాత్రం ఆగలేదు.

ఆ పరీక్షలు ఆమె పాసయింది. రెండో ఏడాది మళ్ళీ క్లాసులో చేరింది, తల్లి లాండ్రీకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్ళు నీళ్ళు పరీక్ష చేసే లాబ్‌లో ఉద్యోగం చేసి, ఆ లాబ్‌కి అధికారిగా పదవీ విరమణ చేసింది. కానీ ఇప్పటికీ ఆ రోజుల గురించి చెప్పమంటే పరీక్ష గురించి చెప్పదు. ఆ మధ్యాహ్నం గురించి చెబుతుంది.

హాల్లోంచి బయటపడి తిన్నగా లాండ్రీకి వెళ్ళింది. గేటు దగ్గర తల్లి కోటు విప్పి చేతిమీద వేసుకుని నిలబడి ఉంది. చుట్టూ పనివాళ్ళంతా మూగి ఉన్నారు. తల్లికి ఏమైందోనని ఆ అమ్మాయి పరిగెత్తింది.

"ఏమైందమ్మా? చెయ్యి మళ్ళీ..."

"చేతికేం కాలేదే." తల్లి గొంతు వింతగా ఉంది. "ఇవాళ తొమ్మిదింటికి మీ మేడమ్ పిలిచింది."

"నన్నా? నాకు వినపడలేదే!"

"నిన్ను కాదు." తల్లి చుట్టూ ఉన్నవాళ్ళని ఒకసారి చూసింది, సిగ్గుపడుతూ. ఆవిడ చదువు మూడో తరగతితో ఆగిపోయింది. "'ముప్ఫై ఏడు వాళ్ళ అమ్మగారూ' అంది. ఆ హోరులో కూడా ఎంత స్పష్టంగానో. 'అమ్మాయి ఉండాల్సిన చోట ఉంది కాబట్టి ఇవాళ దాన్ని పిలవను, పరీక్షలో కదిలించకూడదు. మీరు వచ్చారా?' అని అడిగింది."

ఎదురుగా పనిచేసే పెద్దావిడ నవ్వు ఆపుకుంటూ కళ్ళు తుడుచుకుంది.

"మరి నువ్వేమన్నావమ్మా?"

"ఏమంటాను," అంది తల్లి. "చేతులు తుడుచుకుని, నిటారుగా నిలబడి, ప్రెజెంట్ మేడమ్ అన్నాను."